సగంతో ఆగనిది

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ పక్క సందులో ఒక జ్యూస్ షాపు ఉంది. మా ట్రిప్పు అక్కడే పుట్టింది. బత్తాయి రసం గ్లాసులు టేబుల్ మీద గుండ్రటి తడి మరకలు వదిలితే, కిరీటి ఆ మరకలకు ఊళ్ల పేర్లు పెట్టి వేలితో దారి గీశాడు.

"ఇది మంగళగిరి. పొద్దున్నే కొండెక్కుతాం. ఇది ఉండవల్లి గుహలు. మళ్లీ బెజవాడ వచ్చి భోజనం. రాత్రికి అవనిగడ్డలో మా బాబాయి గెస్ట్‌హౌస్. తెల్లారి హంసలదీవి, తర్వాత ఘంటసాల... కామ్రేడ్ గారికి బౌద్ధ స్తూపం చూపించకపోతే ఊరుకోరు కదా. చివర్న బందరు లడ్డు. ఎలా ఉంది?"

కామ్రేడ్ అంటే నేను. పేరు సాయిశ్రీ, లా ఆఖరి సంవత్సరం. కిరీటి నా డిగ్రీ క్లాస్‌మేట్. అప్పట్నుంచీ నన్ను అలాగే పిలుస్తాడు. నేను రోడ్డు మీద ప్లకార్డు పట్టుకుని నిలబడితే కారాపి, అద్దం దించి, "నినాదం తర్వాత చెబుదువుగానీ, టిఫిన్ చేశావా?" అని అడిగే రకం. వాణ్ని చూసి చెడ్డవాడని ఎవరూ అనరు. నేనూ చాలాకాలం అనలేదు.

"అవనిగడ్డకి ఎటు నుంచి?" అన్నాను.

"హైవే ఎక్కి పామర్రు మీదుగా. ఏసీ వేసుకుని ఓ కునుకు తీస్తే దిగిపోతారు."

"కరకట్ట మీద వెళ్దాం. సాయంత్రం పూట ఏటి ఒడ్డు బాగుంటుంది."

స్ట్రా నోట్లో పెట్టుకున్నవాడు పీల్చడం ఆపాడు. ఒక్క క్షణమే. తర్వాత నవ్వాడు. "రోడ్డంతా గోతులు తల్లీ. నా కారు కొత్తది."

"నాకూ కరకట్టే ఇష్టమండీ," అంది నా పక్కన కూర్చున్న సాలేహా. అంతసేపూ ఆమె మాట్లాడిన మాట అదొక్కటే. జ్యూస్ ముట్టుకోలేదు.

"సరేనండీ. మీరడిగారు కాబట్టి," అన్నాడు కిరీటి. ఆడపిల్లల ముందు పెద్దమనిషిలా ఉండటం వాడికి ఇష్టం.

సాలేహా నా ఫ్రెండని మాత్రమే వాడికి తెలుసు. ఆమెకు ఆస్రా అనే చెల్లెలు ఉండేదని తెలియదు.

పోయిన వేసవిలో, పదో తరగతి పరీక్షలు రాసి, ఆస్రా వాళ్ల పిన్ని ఊరికి వెళ్లింది. కరకట్ట కింద ఊరు. పేరు రాయను. రాస్తే సెల్ఫీలకు వస్తారు. ఎండాకాలం ఆ రేవు దగ్గర కృష్ణ మోకాలి లోతు దాటదు. ఊళ్లో వాళ్లంతా ఏట్లో నడుచుకుంటూ ఎదుటి లంకకు వెళ్లొస్తుంటారు. ఆస్రా కూడా నడిచింది. నడుస్తూ నడుస్తూ ఒక అడుగు వేస్తే, కింద నేల లేదు. పొక్లెయిన్లతో ఇసుక తోడేసి వదిలేసిన గొయ్యి. తాటిచెట్టంత లోతు.

పోలీసు రిపోర్టులో ఏం రాశారో తెలుసా? "హెచ్చరిక బోర్డు ఉన్నా లెక్కచేయకుండా ఈతకు దిగి." అక్కడ బోర్డు లేదు. ఈత రాని పిల్ల ఈతకు ఎందుకు దిగుతుంది? కానీ కాగితం మీద ఆ ఒక్క మాటతో గొయ్యి తవ్వినవాడు మాయమయ్యాడు. తప్పు చచ్చిపోయిన పిల్లదైంది. పిల్లని అదుపులో పెట్టుకోలేదని చుట్టాలు వాళ్ల అమ్మని మాటలతో పొడిచారు. ఆమె ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది.

ఆ ఇసుక రీచ్ కిరీటి నాన్నది. ఆ వేసవిలో అక్కడుండి లారీలు చూసుకున్నది కిరీటి.

ఇప్పుడు అర్థమైంది కదా, అది విహారయాత్ర కాదు. వాడు గీసిన దారికే నేను కరకట్టను ముడి వేసి అల్లిన ఉచ్చు. వాడు ఆ రేవులో నిలబడి, బోర్డు ఎప్పుడు పెట్టారో, ఎవరు పెట్టారో ఫోన్ ముందు చెప్పాలి. మాకు కావలసింది ఆ ఒక్క మాట. నది ఎవడి అబ్బ సొత్తూ కాదు, మౌనంగా ఉన్నవాడు కూడా నేరంలో వాటాదారే అని గోడల మీద రాసి రాసి నా చేతులు నొప్పెట్టాయి. గోడలు సాక్ష్యం చెప్పవు. వాడు చెప్పాలి.

*

ఫిబ్రవరి. మంగళగిరి కొండ మీద పొద్దుటి ఎండ హాయిగా ఉంది. సాలేహా గుడి బయట మెట్ల మీద కూర్చుంది. నేను గుమ్మం దాకా వెళ్లాను, దణ్ణం పెట్టలేదు. లోపల పూజారి గారు శంఖంతో పానకం ఎత్తి స్వామి నోట్లో పోస్తున్నారు. గుడగుడమని శబ్దం. నిజంగా గొంతు దిగుతున్నట్టే. బిందె సగానికి రాగానే శబ్దం ఆగిపోయింది. మిగతా సగం కిరీటి ప్లాస్టిక్ సీసాలో పోయించుకుని, చెంపలేసుకుంటూ బయటికి వచ్చాడు.

"ఆ చప్పుడేంటండీ?" అని అడిగింది సాలేహా.

"స్వామి తాగడం. బిందెడు పోసినా, గ్లాసుడు పోసినా సగమే తీసుకుంటాడు. సగం మనకి వదిలేస్తాడు. చూడండి, ఇంత బెల్లం ఒలికినా ఒక్క చీమ లేదు." వాడి ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది. "మిరియాలు, యాలకులు... తాగుతారా?"

"మీ ఇంట్లో మాత్రం సగంతో ఆగరు కదరా. ఏరంతా తాగేశారు," అన్నాను.

"పొద్దున్నే మొదలెట్టావా? కనీసం కొండ దిగనివ్వు కామ్రేడ్!" అని నవ్వేశాడు.

సాలేహా నవ్వలేదు. గుమ్మం వైపే చూస్తోంది. "సగం దగ్గర ఆగాలని ఎలా తెలుస్తుందో," అంది మెల్లగా. ఎవరినీ అడిగినట్టు లేదు.

ఉండవల్లి చూసి, బెజవాడలో భోంచేసి, కరకట్ట ఎక్కేసరికి ఎండ వాలింది. అద్దాలు దించాం. అరటితోటల్లోంచి చల్లటి గాలి. ఎక్కడో కళ్లంలో పసుపు ఉడకబెడుతున్నారు, ఆ ఘాటు వాసన చాలా దూరం కారుతోపాటే వచ్చింది. చెరకు ట్రాక్టర్లు ఎదురొస్తే కిరీటి కారు పక్కకు తీసి, గీతలు పడతాయని లోలోపల తిట్టుకున్నాడు. కుడివైపు కృష్ణ. సగం నీళ్లు, సగం ఇసుక. పొద్దు గుంకుతుంటే ఇసుక ఎర్రగా, నీళ్లు నల్లగా కనిపించాయి.

తోటలు దాటాక వాసన పోయింది. పొలాల్లో మోటార్ల చప్పుడు కూడా పోయింది. అంతవరకూ ఇళ్లకు మళ్లుతున్న కొంగలు... ఆ మలుపు దగ్గర ఒక్కటీ లేదు.

"ఇక్కడ ఆపండి," అంది సాలేహా.

"ఇక్కడేముందండీ? ముందు మంచి వ్యూ ఉంది..."

"ఆపండి."

*

రేవులోకి దిగాం. కాళ్ల కింద ఇసుక చల్లగా, మెత్తగా ఉంది. పొగమంచు ఏటి మీద పాకుతోంది. పచ్చి మట్టి వాసన, దానితోపాటు ఎక్కడో నిలవ ఉన్న నాచు వాసన. ఒడ్డుకు దగ్గర్లోనే ఆ గొయ్యి. చుట్టూ ఏరు వెనక్కి తగ్గినా, దాని నిండా మాత్రం నల్లగా, కదలకుండా నీళ్లు. పక్కన పసుపు బోర్డు. "ప్రమాదం. లోతు ఎక్కువ."

సాలేహా ఫోన్ తీసి నాకిచ్చింది. నేను రికార్డింగ్ నొక్కాను.

"ఈ బోర్డు ఎప్పుడు పెట్టారు కిరీటి గారూ?"

"నాకెలా తెలుస్తుందండీ?" వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నేను ఆస్రా అక్కని."

వాడు ఆమెను చూడలేదు. నన్ను చూశాడు. "ఇందుకా కరకట్ట?"

"ఇందుకే. మౌనంగా ఉన్నవాడు కూడా..."

"ప్లకార్డు మీద మాటలు నా మీద వేయకు సాయీ!" అని అరిచాడు. "నేను మొన్నటిదాకా నిద్రమాత్రలు మింగా. నీకు తెలుసా? నాన్న చెప్పిందే చేశా. నేనేం తోయలేదు కదా ఆ పిల్లని."

"అయితే చెప్పు. బోర్డు ఎప్పుడు పెట్టారు?"

వాడు కట్ట ఎక్కాడు. కారేసుకుని పారిపోతాడేమో అనుకున్నాను. పారిపోలేదు. పానకం సీసాతో తిరిగొచ్చాడు. గొయ్యి అంచున మోకాళ్ల మీద కూర్చుని మూత తీశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"నాకు తెలిసింది ఇదే. ఉండు." సీసా గొయ్యి మీదికి చాపాడు. "అమ్మా... సగం నీకు. సగం నాకు. సగం నీకు ఇచ్చుకుంటున్నా తల్లీ, మిగతా సగం నాకు వదిలెయ్యి. శాంతించు..."

నా ఒళ్లు మండిపోయింది. ఏదో ఒకటి ఇచ్చి సరిపెట్టుకోవడం వాళ్లింటి అలవాటు. గుడిలోనూ అంతే, ఆఫీసులోనూ అంతే. పోసినవాడికి సగం తిరిగి దక్కుతుందని కొండ మీద చూసి వచ్చాడు. ఇక్కడా అలాగే దక్కుతుందనుకున్నాడు.

పానకం ధారగా నీళ్లలో పడింది.

గుడ... గుడ... గుడ...

ముగ్గురం విన్నాం. ధార పడుతున్న చప్పుడు కాదది. మింగుతున్న చప్పుడు. అడుగునుంచి వస్తోంది.

కిరీటి సీసా పైకెత్తబోయాడు. సగానికి వచ్చింది. సీసా లేవలేదు. మూతి కిందికే ఉంది. వాడి మణికట్టు నరాలు ఉబ్బాయి. రెండో చెయ్యి కూడా వేశాడు.

"సగం అన్నా కదా... సగం..." అని గొణిగాడు.

గుడగుడ ఆగలేదు. సీసా ఖాళీ అయింది. ఖాళీ అయ్యాక కూడా ఆగలేదు. ప్లాస్టిక్ కరకరమంటూ లోపలికి నొక్కుకుపోయి, వాడి చేతిలోనే ముద్దయింది. నా భుజానికున్న సంచిలోంచి కూడా అదే చప్పుడు. నా మంచినీళ్ల బాటిల్. బయటికి తీస్తే... మూత బిగించే ఉంది. లోపల చుక్క లేదు.

గొయ్యిలో నీళ్లు దిగుతున్నాయి. మెల్లగా. అంచు చుట్టూ తడి గీత కనిపించింది. తర్వాత ఇంకో గీత. పొగమంచు కూడా కిందికి వంగి, గొయ్యిలోకి పోతోంది.

అప్పుడు వినబడింది. సన్నగా, ఇసుక నమిలినట్టు గరగరలాడుతూ.

"ఆపా..."

అక్కని ఆస్రా అలాగే పిలిచేది. సాలేహా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపా... దాహం..."

నీళ్లలో మునిగి చచ్చిపోయిన పిల్లకి దాహమేమిటి? ఇప్పటికీ నాకు తెలియదు. ఒంటినిండా ఇసుకే మిగిలితే, ఎంత పోసినా చాలదేమో.

కిరీటి ఇటు తిరిగాడు. పెదాలు తెల్లగా పొక్కులు లేచి ఉన్నాయి. కళ్లు ఏడుస్తున్నట్టు ముడుచుకున్నాయి, కన్నీళ్లు మాత్రం రావట్లేదు.

"చెప్పండి," అంది సాలేహా. గుసగుసగా. "నిజం చెబితే వదిలేస్తుందేమో."

వాడు చెప్పాడు. నేను ఫోన్ వాడి ముఖానికి దగ్గరగా పట్టుకున్నాను. నాలుక అంగిలికి అతుక్కుంటుంటే, ఒక్కో మాటా పీకినట్టు బయటికి తీశాడు.

"బోర్డు... తర్వాత పెట్టాం. శవం తీసిన రోజు రాత్రి. నేనే... పాతించా. కొత్తగా కనిపిస్తుందని... మట్టి రుద్దా. నాన్న... రిపోర్టు రాసినాయనతో... ముందే మాట్లాడేశాడు. ఆ పిల్ల... బోర్డు చూడలేదు. లేదు... అక్కడ బోర్డే లేదు..."

అయిపోయింది. ఇన్ని నెలలు మేం అడిగింది ఆ మాటే. వచ్చేసింది.

గుడ... గుడ...

ఆగలేదు.

వాడి చెంపలు లోపలికి పోతున్నాయి. మెడ మీద చర్మం మడతలు పడుతోంది. చెయ్యి పట్టుకుంటే ఎండిన అరటిపట్టలా గరగరలాడింది. వాణ్ని అంచు మీదనుంచి లాగడానికి చూశాను. వాడు బరువు లేడు... అయినా కదల్లేదు.

"చాలు," అన్నాను గొయ్యి వైపు. "చాలు ఆస్రా. చెప్పాడు కదా. చాలు."

"ఇంకా..." అంది ఆ గొంతు.

"సాలేహా, నువ్వు చెప్పు! నీ మాట వింటుంది. చాలని చెప్పు!"

సాలేహా చేతులు దించింది. గొయ్యిలోకి చూసింది. కిరీటిని చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. అన్నం పళ్లెం ముందు కూర్చున్న చెల్లెల్ని చూసే అక్క ముఖం అది.

చాలని ఆమె అనలేదు.

*

కారు నేనే నడిపాను. కిరీటి ముందు సీటులో బెల్టుకి వేలాడుతూ, నోరు తెరుచుకుని ఊపిరి లాగుతున్నాడు. రేవులో చప్పుడు ఎందుకు ఆగిందో, వాణ్ని ఎందుకు వదిలిందో తెలియదు. గొయ్యి అడుగుదాకా ఎండిపోయాక ఆగింది. అడుగున ఏముందో నేను చూడలేదు. సాలేహా చూసింది. వెనక సీటులో ఆమె తలుపుకు బాగా ఒదిగి కూర్చుంది, పక్కన ఎవరికో చోటిచ్చినట్టు.

వీడియో బయటికొచ్చింది. అది మేం కోరినట్టే జరిగింది. టీవీల వాళ్లు వచ్చారు, కేసు మళ్లీ తెరుస్తామన్నారు, కిరీటి నాన్న ఫోన్ కట్టేశాడు. "లెక్కచేయకుండా ఈతకు దిగి" అన్న మాట తప్పని పై అధికారులే ఒప్పుకున్నారు. సాలేహా వాళ్ల అమ్మ చాలా నెలల తర్వాత వీధి గుమ్మంలో కూర్చుంది. పత్రికల్లో ఆస్రా స్కూలు ఫొటో వేశారు. సత్యం గెలిచిందని నేను పోస్టు పెట్టాను. అబద్ధం కాదు కదా.

కిరీటి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. అద్దంలోంచి ఒక్కసారి చూశాను. సెలైన్ సీసా తగిలిస్తున్నారు, అది చూస్తుండగానే అయిపోతోంది, ఇంకోటి తగిలిస్తున్నారు. డాక్టర్లు కిడ్నీలంటున్నారు. వాళ్ల నాన్న పక్కనే నిలబడి, స్టీలు గ్లాసుతో కొడుకు పెదాలు తడుపుతున్నాడు. తడి నిలవట్లేదు. నాకు జాలి వేసిందని రాయను. వేయలేదు. నది తాగినవాడి చేతిలో ఆ గ్లాసు చూసి, ఇది న్యాయమే అనుకున్నాను.

నిన్న పదకొండింటికి, ఎండ దంచుతుంటే, సాలేహా మా ఫ్లాట్‌కి వచ్చింది. కింద ఆటోని ఆపి ఉంచింది. మనిషి బాగుంది. చెంపలు నిండాయి. జుట్టు నిగనిగలాడుతోంది. మా అమ్మ మంచినీళ్లిస్తే, "వద్దాంటీ, నాకు దాహం లేదు," అంది.

అమ్మ లోపలికెళ్లాక నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చల్లగా ఉంది.

"ఇంకో ట్రిప్పు వేయాలి సాయీ. నువ్వు బాగా ప్లాన్ చేస్తావు."

"ఎక్కడికి?"

"ముందు ఇబ్రహీంపట్నం. రిపోర్టు రాసినాయన ఇప్పుడక్కడే ఉంటున్నాడు. తర్వాత నూజివీడు, పొక్లెయిన్ నడిపినతను. అటునుంచి గుడివాడ. పొద్దున బయల్దేరితే చీకటి పడేలోపు అయిపోతుందంట."

"గుడివాడలో ఎవరు?"

"లారీలు మీ వీధి మీంచే పోయేవి కదా, మరి ఎవరూ అడగలేదా... అని మేం వెళ్లి అడిగితే తలుపేసుకున్నవాళ్లు." చిన్నగా నవ్వింది. "చాలామంది ఉన్నారు. మౌనంగా ఉన్నవాళ్లు కూడా వాటాదారులే అని నువ్వే అన్నావుగా. నీ మాట దానికి చాలా నచ్చింది."

"సాలేహా... లారీ చూసి ఊరుకున్నవాళ్లని కూడానా? ఇది ఆగాలి. నేను ప్లాన్ వేయను."

"వేస్తావంట," అంది ఆమె, ప్రేమగా.

అప్పుడే అమ్మ బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కేకేసింది. "ఏమే సాయీ, ఆటోలోంచి తొంగి చూస్తున్న ఆ పిల్లని కూడా పైకి రమ్మనకూడదూ? ఎండలో పాపం, ఎంతసేపు కూర్చోబెడతారు?"

నేను బాల్కనీలోకి పరిగెత్తి కిందికి చూశాను. వెనక సీటు ఇక్కణ్నుంచి కనబడదు, టాపు అడ్డం. ఆటో అతను మాత్రం బండి దిగి, నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. ఖాళీ బాటిల్‌ని తలకిందులుగా పట్టుకుని, కిందనుంచి నాలుక చాపి, ఒక్క చుక్క కోసం దాన్ని కుదుపుతున్నాడు... కుదుపుతూనే ఉన్నాడు.